నాలుగు చింతపిక్కలు, పదహారు తీర్లు

వేసవి మధ్యాహ్నం అరుగు మీద సుద్దముక్కతో అయిదు వరుసల గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడిన తరం మాది. గవ్వలు దొరకనప్పుడు చింతపిక్కలు తెచ్చుకునేవాళ్లం. గరుకుబండ మీద ఒక పక్క అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది, రెండో పక్క నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. అలాంటివి నాలుగు గుప్పిట్లో గలగలలాడించి వేస్తే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు ముందుకు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఆ రెండింట్లో ఏది పడినా మళ్లీ వేసే వంతు మనదే. మా వైపు ఆ రెండింట్లో ఒకటి పడందే కాయ గడిలోకి దిగనే దిగదు.

ఒకటి, రెండు, మూడు పడితే లేని మర్యాద అష్టకీ చెమ్మకీ ఎందుకు? ఆడుకునే రోజుల్లో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. గణితం మాస్టారునై, ఏడో తరగతి పిల్లల ముందు నిలబడ్డాక తట్టింది. జవాబు పలక మీద నాలుగు నిమిషాల్లో దొరుకుతుంది. ఒక పిక్క రెండు తీర్లుగా పడుతుంది. రెండో పిక్క చేరితే నాలుగు తీర్లు: తెలుపు-తెలుపు, తెలుపు-నలుపు, నలుపు-తెలుపు, నలుపు-నలుపు. మూడోది చేరితే ఒక్కొక్కటీ రెండుగా చీలి ఎనిమిది. నాలుగోదానితో పదహారు. ఆ పదహారూ వరసగా రాసి తెలుపులు లెక్కపెడితే, ఒక్క తెలుపు ఉన్నవి నాలుగు, రెండున్నవి ఆరు, మూడున్నవి మళ్లీ నాలుగు. అన్నీ తెలుపైనది ఒకటే, అన్నీ నలుపైనదీ ఒకటే. అష్టా చెమ్మా రెండూ కలిపినా పదహారింట రెండు, అంటే ఎనిమిది వేతలకు ఒకసారి. అరుదుగా వచ్చేదానికే ఆట పెద్దపీట వేసింది. ఈ నియమం పెట్టినవాళ్ల పేరు మనకు తెలియదు, వాళ్లు ఏ బళ్లో చదివారో తెలియదు. ఏది ఎంత అరుదో మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

ఏడో తరగతి పిల్ల తన చేత్తో ఈ పదహారు తీర్లూ రాసి, తన కళ్లతో లెక్కపెట్టుకుంటే సంభావ్యత అనే పాఠంలోని అసలు సంగతి ఆమెకు వచ్చేసినట్టే. మన బళ్లలో జరుగుతున్నది వేరు. పదో తరగతిలో, పబ్లిక్ పరీక్షల హడావుడి మొదలయ్యాక, పుస్తకం చివరి పాఠాల్లో సంభావ్యత ఒక సూత్రంగా వస్తుంది. అనుకూల పర్యవసానాలు బై మొత్తం పర్యవసానాలు. ఆ ‘పర్యవసానం’ అనే మాటే పిల్లలకు మొదటి అడ్డంకి. వాళ్లు ఆ మాట విన్నది ‘తీవ్ర పర్యవసానాలుంటాయి’ అనే బెదిరింపుల్లో. నాణెం బొరుసు పడడంలో తీవ్రత ఏముందో వాళ్లకు అర్థం కాదు. ‘ఎన్ని తీర్లుగా పడొచ్చు’ అంటే చాలు, తరగతి మొత్తం చేతులెత్తుతుంది. ‘వర్షం పడే అవకాశం ఉంది’ అనే రేడియో మాటను తాతలనాటి నుంచి వింటున్న ఇళ్ల పిల్లలు వాళ్లు. ఆ ‘అవకాశం’ ఎంతో లెక్కగట్టడమే సంభావ్యత అని చెప్పి మొదలుపెడితే బెరుకు ఉండదు. పరిభాష తర్వాత రావచ్చు.

రెండో అడ్డంకి పేకముక్కలు. పదో తరగతి సంభావ్యత లెక్కల్లో కొన్ని యాభై రెండు ముక్కల కట్ట చుట్టూ తిరుగుతాయి. పేకముక్క ముట్టుకుంటే వీపు విమానం మోత మోగే ఇళ్లలో పెరిగిన పిల్లలు, కట్టను ఒక్కసారి కూడా చూడకుండా ఎర్రవి ఇరవై ఆరు, నల్లవి ఇరవై ఆరు, బొమ్మ ముక్కలు పన్నెండు అని ఎక్కాల్లా బట్టీ పడతారు. లెక్కించాల్సిన వస్తువే బట్టీ పట్టాల్సి వచ్చాక ఇక లెక్కించడం ఎక్కడ నేర్చుకుంటారు?

కోవిడ్ తర్వాత పాఠ్యభారం తగ్గించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణితం నుంచి సంభావ్యత అధ్యాయాన్ని పూర్తిగా తీసేసింది. ఏవో పాఠాలు తగ్గించక తప్పదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ తీసేసింది ఏ పాఠాన్నో చూడాలి. నాణేలు ఎగరేసి, పాచికలు వేసి, ఎన్నిసార్లు ఏది పడిందో పట్టిక రాసి చూడమన్న పాఠం అది. ప్రయోగం పోయింది, పదో తరగతి సూత్రం మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పిల్లలు 2024-25 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే చదువుతున్నారు కాబట్టి ఇది ఢిల్లీ సంగతి కాదు, మన ఇంటి సంగతి. చేసి చూడకుండా సూత్రం ఒప్పజెప్పడం ఈత నేర్చుకోవడానికి ఒడ్డున కూర్చుని చేతులాడించడం లాంటిది.

చేసి చూడడాన్ని చిన్నపిల్లల పనిగా తీసిపారేసేవాళ్లకు జాన్ కెరిక్ కథ చెప్పాలి. దక్షిణాఫ్రికాలో పాఠాలు చెప్పుకునే ఈ గణితజ్ఞుడు 1940లో డెన్మార్క్‌లో ఉండగా జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. ఆయన్ను జట్లాండ్‌లో నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ ఆయన చేసిన పని ఒక నాణేన్ని పదివేల సార్లు ఎగరేసి ప్రతి పందేన్నీ రాసుకోవడం. 5,067 సార్లు బొమ్మ పడింది. సగం సగం పడుతుందని ఆయనకు తెలియక కాదు. ఎంత దగ్గరగా సగమవుతుందో, దారిలో ఎంత అటూ ఇటూ ఊగుతుందో చేస్తేనే కనబడుతుంది. మొదటి పది వేతల్లో ఏడు బొమ్మలు పడితే మన పిల్లలు ‘ఈ నాణెం తేడా సార్’ అంటారు. వందకు వెళ్లేసరికి ఆ మాట మానేస్తారు. ఆ మధ్య జరిగినదాన్ని ఏ సూత్రమూ చెప్పలేదు.

తరగతి గదిలో ఒక్క అరగంట దగ్గరగా చూపిస్తాను. రెండు నాణేలు ఎగరేస్తే ఎన్ని తీర్లుగా పడతాయని అడిగితే ఏటా వచ్చే మొదటి జవాబు ఒకటే: ‘మూడు సార్. రెండూ బొమ్మ, రెండూ బొరుసు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు.’ మూడింటికీ సమాన అవకాశమేనా అంటే, ‘సమానమే సార్.’ ఇక్కడ తప్పు అని కొట్టేస్తే పాఠం చచ్చిపోతుంది. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, మూడు గళ్లు గీయించి, యాభై సార్లు వేయమంటాను. పడ్డప్పుడల్లా ఆ గడిలో ఒక గీత, అయిదో గీత అడ్డంగా. పది నిమిషాలకే గొడవ మొదలవుతుంది. మూడో గడి నిండిపోతూ ఉంటుంది, మొదటి రెండూ బోసిగా ఉంటాయి. పక్కజట్టు కాగితం చూస్తారు, అక్కడా అంతే. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి అంటుంది: ‘సార్, మూడో గడిలో రెండున్నాయి. రూపాయి బిళ్ల బొమ్మ పడి రెండ్రూపాయలది బొరుసు పడ్డా అందులోకే, అటుది ఇటైనా అందులోకే.’ రెండు వేరు వేరు నాణేలు ఇవ్వడంలోని కిటుకు అదే. రెండూ రూపాయి బిళ్లలే అయితే ఆ పిల్లకు ఆ తేడా కనబడి ఉండేది కాదు. తీర్లు మూడు కావు, నాలుగు. మొత్తం పాఠంలో ఇంతకు మించిన కష్టమైన మెట్టు లేదు. దాన్ని ఆ పిల్ల తనంతట తనే ఎక్కింది.

ఈ మెట్టు దగ్గర జారినవాళ్లలో మహామహులున్నారు. రెండు పాచికలు వేస్తే పదకొండు పడడమూ పన్నెండు పడడమూ ఒకేలా తేలికే అనుకున్నాడు లైబ్నిట్జ్, కలన గణితాన్ని మనకిచ్చిన ఇద్దరిలో ఒకడు. పన్నెండుకు ఆరు-ఆరు ఒక్కటే దారి. పదకొండుకు అయిదు-ఆరు, ఆరు-అయిదు, రెండు దారులు. ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో 1754లో దాలంబేర్ రాసిన వ్యాసంలోనూ ఇలాంటి పొరపాటే ఉంది. నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారైనా బొమ్మ పడే అవకాశం మూడింట రెండు అన్నాడాయన. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసిపోతుంది కదా, ఇక మిగిలేవి మూడు సందర్భాలే అని ఆయన వాదన. నిజానికి అది నాలుగింట మూడు. ఏడో తరగతి పిల్లాడు చేసిన తప్పు దాలంబేర్ చేసిన తప్పుకు పినతండ్రి కొడుకు. కాబట్టి ఆ పిల్లాణ్ణి మొద్దు అనే హక్కు మనకు లేదు.

జూదరులు మాత్రం చేతి అనుభవంతో కొన్ని సంగతులు ముందే పసిగట్టారు. మూడు పాచికలు వేస్తే తొమ్మిది కన్నా పది కాస్త ఎక్కువ సార్లు పడుతోందని ఇటలీలో ఆటగాళ్లకు అనుమానం వచ్చింది. అంకెల్ని విడగొట్టి చూస్తే తొమ్మిదికీ ఆరు రకాలే, పదికీ ఆరు రకాలే. మరి తేడా ఎక్కడిది? గెలీలియో కూర్చుని 216 తీర్లూ లెక్కగట్టాడు. తొమ్మిదికి 25, పదికి 27. మూడు-మూడు-మూడు ఒక్క తీరుగానే వస్తుంది, రెండు-మూడు-నాలుగు ఆరు తీర్లుగా వస్తుంది. రహస్యం అంతా అందులోనే ఉంది. 216కు రెండే తేడా! అంత సన్నని తేడాను పట్టుకున్నవి ఆటగాళ్ల కళ్లు, దానికి కారణం చెప్పింది ఓపికగా చేసిన లెక్క. బడికి ఈ రెండూ కావాలి.

ఇప్పుడు అదే బడిలో పక్క గదికి వెళదాం. తెలుగు పీరియడ్ నడుస్తోంది. పంతులుగారు ఛందస్సు చెబుతున్నారు. గురువు, లఘువు. మూడక్షరాల గణాలు ఎనిమిది: య, మ, త, ర, జ, భ, న, స. ‘యమాతారాజభానసలగం’ అని పిల్లలు కోరస్‌గా వల్లిస్తారు. ఎనిమిదే ఎందుకు, తొమ్మిదో గణం ఎందుకు లేదు అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఒక అక్షరం గురువో లఘువో, రెండు తీర్లు. మూడక్షరాలకు రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మూడు నాణేలు ఎగరేస్తే వచ్చే ఎనిమిది తీర్లూ ఇవే. బొమ్మ స్థానంలో గురువు, బొరుసు స్థానంలో లఘువు పెడితే మూడు బొమ్మలు మగణం, మూడు బొరుసులు నగణం. ఆ గుర్తుమాటలో ఇంకో చమత్కారం ఉంది. ఎక్కడ మొదలుపెట్టి వరసగా మూడక్షరాలు చదివినా ఆ మొదటి అక్షరం పేరున్న గణమే వస్తుంది. యమాతా యగణం, మాతారా మగణం, అలా చివర సలగం సగణం దాకా. పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే, ఏదీ తప్పిపోకుండా, ఏదీ రెండోసారి రాకుండా ఇమిడిపోయాయి. తీర్లన్నీ లెక్కించడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా అందమైన ఉదాహరణ నాకు తెలియదు. అది మన పిల్లల నోట్లో ఇప్పటికే ఉంది. గణితం గదికీ తెలుగు గదికీ మధ్య గోడ ఒక్కటే అడ్డం.

ఛందశ్శాస్త్రంలో ఈ పని పేరు ప్రస్తారం. గురులఘువుల తీర్లన్నిటినీ ఒక క్రమంలో పరిచే పద్ధతి అది, పింగళుడి నాటిది. ఇంటర్మీడియట్ గణితంలో పెర్ముటేషన్లకు మనం పెట్టుకున్న పేరు కూడా ప్రస్తారాలే. పాదానికి ఇరవై అక్షరాలున్న వృత్తాలను ప్రస్తరిస్తే 10,48,576 తీర్లు వస్తాయి. అన్నీ గురువులైన తీరుతో మొదలయ్యే ఆ పట్టీలో ఉత్పలమాల 3,55,799వది. రెండును గుణించడం, కూడడం వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లలు గురులఘువులు పెట్టుకుని ఆ సంఖ్యను తామే రాబట్టొచ్చు. రాబట్టిన తరగతిని చూశాను, ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. పింగళుడి సూత్రాలకు పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు, ఎన్ని లఘువులున్న తీర్లు ఎన్నో వరుసల్లో చూపే మేరు ప్రస్తారాన్ని వివరించాడు. అందులో నాలుగక్షరాల వరుస 1, 4, 6, 4, 1. అరుగు మీద మన నాలుగు చింతపిక్కల లెక్క ఏదో చూడండి, అదే.

సంభావ్యత శాస్త్రం పుట్టిందని చెప్పుకునే 1654 నాటి పాస్కల్-ఫెర్మా ఉత్తరాల్లోనూ ఈ పదహారే ఉంది. పందెం కాసిన ఇద్దరి ఆట మధ్యలో ఆగిపోయింది. ఒకరికి గెలవడానికి ఇంకా రెండు ఆటలు కావాలి, మరొకరికి మూడు. సొమ్ము ఎలా పంచాలి? మిగిలిన ఆట నాలుగు వంతుల్లో కచ్చితంగా తేలిపోతుంది కాబట్టి నాలుగు వంతుల తీర్లన్నీ రాసి చూడాలన్నది ఫెర్మా పద్ధతి. పదహారింట్లో పదకొండు మొదటివాడివి, అయిదు రెండోవాడివి. పాస్కల్ తన ఉత్తరంలో ఇదే చర్చించాడు. ఇందులో బీజగణితం లేదు, సూత్రం లేదు. ఒక కాగితం, ఓపిక ఉంటే చాలు.

ఈ లెక్క బళ్లోనే ఆగిపోతే నేనింత పట్టుబట్టను. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే ‘ఈసారి తప్పకుండా మగపిల్లాడే’ అనే ధీమా మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. మూడోసారీ ఆడపిల్ల పుడితే ఆ తల్లి మొహం వైపు ఇంటిల్లిపాదీ ఎలా చూస్తారో చూసినవాళ్లకు తెలుసు. అయిదుసార్లు వరసగా బొమ్మ పడ్డాక ఆరోసారి బొరుసే పడాలి అనుకోవడం ఎలాంటి పొరపాటో ఇదీ అలాంటిదే. ముందు కాన్పుల బాకీ తీర్చడానికి తర్వాతి కాన్పు రాదు. ఏడో తరగతి పిల్లల్ని ఒక్క నాణేన్నే మళ్లీ మళ్లీ వేసి, పడింది పడ్డట్టు వరసగా రాసుకుని, అందులో మూడేసి బొమ్మల వరసలు వెతికి, వాటి వెంటనే ఏం పడిందో విడిగా లెక్కపెట్టమంటే, సగానికి అటూ ఇటూగానే ఉందని చూస్తారు. పన్నెండేళ్ల వయసులో అలా చూసిన పిల్లాడు ముప్ఫై ఏళ్ల వయసులో భార్యను ఆ చూపు చూడడని నా నమ్మకం.

ఫోన్‌లో పందేల సంగతీ అంతే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించే చట్టం చేసింది. చట్టం అవసరమే. ఆశను మాత్రం చట్టం ఒక్కటే ఆపలేదు. ‘బళ్లో పాచికలు వేయిస్తారా, జూదం నేర్పుతారా’ అని అడిగే తల్లిదండ్రులకు నేను చెప్పే లెక్క ఇది. చింతపిక్కలతో ఒక పందెం పెడదాం. ఆటకు ఒక రూపాయి కట్టాలి, అష్ట పడితే పది రూపాయలు ఇస్తారు. పదింతలు అనగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. పదహారు తీర్లు రాసిన పిల్ల మాత్రం ఆగుతుంది. పదహారు ఆటలకు కట్టేది పదహారు, చేతికి వచ్చేది సగటున పది. ప్రతి పదహారు రూపాయలకూ ఆరు ఎవరి జేబులోకి పోతున్నాయో ఆమెకు అర్థమైంది. జూదం గురించి ఏ నీతిబోధా ఇంత సూటిగా చెప్పలేదు.

దీనికోసం కొత్త ప్రయోగశాలలు అక్కర్లేదు. ఆరో తరగతిలో లెక్కించడం మొదలుపెట్టొచ్చు. ఇడ్లీ, దోసె, ఉప్మా మూడు టిఫిన్లు, కొబ్బరి, అల్లం రెండు చట్నీలు, ఎన్ని రకాల పళ్లేలు? 0001 నుంచి 9999 దాకా బండి నంబర్లలో, అంకెలు ఒక్కటి మిగిలేదాకా కూడుతూ పోతే తొమ్మిది వచ్చేవి ఎన్ని? మనవాళ్లు వేలంలో డబ్బు పోసి కొనుక్కునే ఆ నంబర్లు సరిగ్గా 1,111, మిగతా ఏ అంకెకైనా అన్నే. ఏడో తరగతిలో వేసి, గీతలు పెట్టి, పట్టీతో పోల్చి చూడాలి. ఎనిమిదిలో తెలుగు, గణితం మాస్టార్లు కలిసి ఒక్క రోజు ఛందస్సు పాఠం చెప్పాలి. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త ఏడో తరగతి పుస్తకం గణితప్రకాశ్‌లో ఛందస్సు లెక్కల నుంచి పుట్టిన విరహాంక సంఖ్యలకు చోటు దొరికింది. మన రాష్ట్రాల పుస్తకాల్లో గణాలకు చోటు ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? అన్నిటికన్నా ముఖ్యం పరీక్ష పేపరు. తీర్లన్నీ రాసి చూపిన పట్టీకి మార్కులుండాలి. జవాబు భిన్నానికి మాత్రమే మార్కులిస్తే మాస్టార్లు సూత్రమే చెబుతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

మాస్టార్లకు ఒక్క మాట. చింతపిక్కలతో తరగతిలో మొదలుపెడితే పిల్లలు మిమ్మల్ని ఇబ్బంది పెడతారు, సిద్ధంగా ఉండండి. పట్టీ ప్రకారం రెండు తెలుపులు పదహారింట ఆరుసార్లు రావాలి. వాళ్లు వేసిన పిక్కల్లో లెక్క అలా కుదరకపోవచ్చు. అరగదీసిన పక్క చదునుగా ఉంటుంది, నల్ల పక్క కాస్త ఉబ్బుగా ఉంటుంది, ఏ రెండు పిక్కలూ ఒకేలా అరగవు. గవ్వలైతే వెల్లకిలా పడేవీ బోర్లా పడేవీ సమానం అనడానికి అసలు ఆధారమే లేదు. ‘పదహారూ సమానమని మీరెలా అన్నారు సార్?’ అని అడుగుతారు. సమానం అని నేను అనుకున్నాను, పిక్క అనుకోలేదు అని ఒప్పుకోండి. ఒక్కో పిక్కను విడిగా తీసుకుని, గుర్తు పెట్టుకుని, రెండొందల సార్లు వేసి రమ్మనండి. మర్నాడు పొద్దున్న గంట కొట్టకముందే వాళ్లు గీతల కాగితాలతో మీ గది గుమ్మం దగ్గర ఉంటారు.